ఆగండి, ఇక్కడ ఇద్దరున్నారు!

జంటల్ని కలపడం కొందరికి సరదా. జంటల బాబాయికి మాత్రం విడదీస్తే గానీ ముద్ద దిగేది కాదు. మనుషుల జంటలు కావు లెండి, ఇంగ్లీషు మాటల జంటలు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉండి, ఒకడు రావలసిన చోటికి ఇంకొకడు వచ్చి కూర్చుని, మాట్లాడినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసే మాటలు. అలాంటిది ఎవరి నోట్లోంచి జారినా సరే, బాబాయి చేతిలో పని అక్కడే పడేసి, కుడిచెయ్యి పైకెత్తి, "ఆగండి! ఇక్కడ ఇద్దరున్నారు!" అని కేక పెట్టేవారు. ఆ కేక పడిందంటే, ఆ ఇద్దర్నీ విడదీసి ఎవరి దారిన వాళ్ళని పంపేదాకా ఎదుటివాడికి విడుదల లేదు.

ఆయన పనిచేసేది మందుల పెట్టెలూ, ఆ పెట్టెల్లో ఎనిమిది మడతలు పెట్టి దాచే సన్నక్షరాల కాగితాలూ అచ్చువేసే ప్రెస్సులో. ఉద్యోగం ప్రూఫ్‌రీడర్. అరవై దాటిన మనిషి. ముక్కు కొసన కళ్ళజోడు, చెవి మీద ఎర్ర పెన్సిలు, చొక్కా జేబులో పొట్టగా పొంగిన అట్టముక్కల కట్ట. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో జంట. ఆ ముద్దుపేరు విని మోసపోయి, పెళ్ళి సంబంధాలు చూస్తారనుకుని కొడుకు ఫోటో పట్టుకొచ్చిన దంపతులు కూడా ఉన్నారు. బాబాయి వాళ్ళని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "ముందు మీకు వెడ్డింగుకీ మ్యారేజీకీ తేడా తెలుసా?" అని అడిగారు. తెలీదన్నారు పాపం. "మొదటిది ఒక్కపూటలో అయిపోతుంది. రెండోది అవదు" అని మొదలుపెట్టి గంటసేపు ఉదాహరణలిచ్చారు. వాళ్ళు మళ్ళీ ఆ వీధిలో కనపడలేదు.

అటువంటి బాబాయికి ఎదురుగా రోజుకి ఎనిమిది గంటలు కూర్చోవలసిన ఉద్యోగం కాపీ చదివే అమ్మాయిది. కంపెనీవాళ్ళు పంపిన అసలు ప్రతిని కాపీ అంటారు. దాన్ని ఆమె పైకి చదవాలి. అచ్చులో వచ్చిన ప్రూఫుని బాబాయి చేతిలో పట్టుకుని, వింటూ సరిచూస్తారు. కామా ఉంటే కామా అనాలి, ఫుల్‌స్టాపు ఉంటే ఫుల్‌స్టాపనాలి. చేరిన నెలకే ఆమె సాయంత్రం ఇంటికెళ్ళి, "అక్కా కామా నేనొచ్చేశాను ఫుల్‌స్టాప్" అనడం మొదలుపెట్టింది. ఏడేళ్ళ కూతురు దానికి తోడు "అమ్మా కామా ఆకలి ఆశ్చర్యార్థకం" అనేది.

ఇల్లంటే సొంతిల్లు కాదు. భర్త పోయాక అక్క ఇంట్లో, ముందుగదిలో బీరువాని అడ్డంగా జరిపి, దాని వెనక తల్లీకూతుళ్ళు పడుకుంటున్నారు. అక్క పల్లెత్తు మాట అనదు. బావ కూడా చెడ్డవాడేం కాదు. కాకపోతే పొద్దున్నే చొక్కా కోసం బీరువా తలుపు తీసినప్పుడల్లా, నిద్రపోతున్న పిల్ల కాళ్ళు తగిలి, "అబ్బా" అనకుండా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినలేక ఆమె ఉద్యోగం వెతుక్కుంది. ఏడాది పరీక్షాకాలం అన్నారు. ఏడాది చివర మందుల కంపెనీ నుంచి ఒక అధికారిణి వచ్చి, ఎదురుగా కూర్చుని చదివించుకుని, సరే అంటే ఉద్యోగం ఖాయం. కాదంటే మళ్ళీ బీరువా వెనక్కే. ఖాయమైతే ప్రెస్సు వెనక వీధిలో ఒక గది చూసిపెట్టుకుంది. దానికి కిటికీ కూడా ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. ఆ చిక్కు ఆమె ఒక్కదానికే తెలుసు, లేదా ఆమె అలా అనుకుంది. ఇంగ్లీషు బాగా వచ్చని దరఖాస్తులో రాసింది గానీ, ఆమెకి వచ్చింది చదవడం మాత్రమే. బళ్ళో పాఠాలన్నీ బట్టీపట్టి గడగడా అప్పగించిన నోరు. ఎంత పొడుగు మాటైనా తడబడకుండా చదివేస్తుంది. అర్థం అడిగితే మాత్రం గోడవైపు చూస్తుంది. ఇంటర్వ్యూలో యజమాని ఒక పేజీ ఇచ్చి చదవమంటే, ఫ్యాను చప్పుడు కూడా వినపడనంత ధాటిగా చదివేసింది. ఆయన అర్థం అడగలేదు. ఉద్యోగం ఇచ్చేశాడు.

మొదటిరోజు బాబాయి ముందు కూర్చుని అదే ధాటితో ఒక కాగితం చదివింది. మధ్యలో ఒకచోట బాబాయి పెన్సిలు ఆగింది. కళ్ళజోడు మీదుగా ఆమెని చూశారు.

"అంతా సరిగ్గానే ఉందా అమ్మాయ్?"

"ఉందండి. ఫుల్‌స్టాప్ కూడా ఉంది."

"మంచిది" అని ఆయన ఎర్రగా ఏదో గుర్తు పెట్టుకుని ముందుకి పోయారు.

మొదటి రెండురోజులూ ఆయన అవసరానికి మించి మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున మొదలైంది. బయట వాన. వ్యాను డ్రైవరు లోపలికొచ్చి, "బాబాయ్, మీ గొడుగు నేను లెండ్ చేసుకుంటా, ఇప్పుడే తెచ్చేస్తా" అన్నాడు.

"ఆగండి! ఇక్కడ ఇద్దరున్నారు!"

ఆ అరుపుకి అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. బాబాయి డ్రైవరుని రెక్కపట్టుకుని సరాసరి వాకిట్లో వానలోకి లాక్కెళ్ళారు. "గొడుగు ఇదిగో. నేనిస్తున్నాను. ఇచ్చేవాడు లెండ్. నువ్వు తీసుకుంటున్నావు. తీసుకునేవాడు బారో. ఏదీ, ఇప్పుడు నువ్వు నాకియ్యి. ఇప్పుడు లెండ్ ఎవడు?"

"నేనే."

"బారో?"

"మీరు. బాబాయ్, తడుస్తున్నాం."

"మళ్ళీ నేనిస్తున్నాను. ఇప్పుడు?"

అలా గొడుగు ఆరుసార్లు చేతులు మారింది. పాఠం పూర్తయ్యేసరికి ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. మడతపెట్టి ఉన్నది కాబట్టి గొడుగులోపలి భాగం మాత్రం పొడిగా ఉంది. లోపలికొచ్చి బాబాయి అట్టముక్కల మీద రెండు మాటలూ రాసి, డ్రైవరు చేతిలో ఒకటి పెట్టి, దారినపోయేవాళ్ళకి పంచినట్టు తలా ఒకటి ఇచ్చి, చివరగా అమ్మాయి బల్లమీద కూడా ఒకటి పడేశారు. ఆమె ఆ అట్టముక్కని ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుంది. లెండ్ అంటే ఇవ్వడం, బారో అంటే తీసుకోవడం. వానలో తడిసిన డ్రైవరు మొహం కళ్ళముందు ఉన్నంతకాలం ఆమె దాన్ని మర్చిపోయే ప్రసక్తే లేదు.

ఇక అక్కణ్ణుంచి రోజూ ఒక జాతర. మిషను నడిపే అన్నయ్య ఆరడుగుల మనిషి, మాట మాత్రం నెమ్మది. మాట్లాడేటప్పుడు మిషను మీద చూపుడువేలితో టక్ టక్ మని కొట్టుకుంటూ ఉంటాడు. అతను ఒకరోజు యజమానితో, "సార్, ఐ వర్క్ హార్డ్‌లీ సార్" అని ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"ఆగండి! మిషను ఆపండి! ఇక్కడ ఇద్దరున్నారు!"

మిషను ఆగింది. యజమాని తలపట్టుకున్నాడు. "బాబాయ్, ఆర్డరు సాయంత్రానికి వెళ్ళాలి."

"వెళ్తుంది. వీడు ఇప్పుడు మీతో ఏమన్నాడో తెలుసా? కష్టపడి పనిచేస్తానన్నాననుకుంటున్నాడు. నిజానికి పని చేసీ చెయ్యనట్టు చేస్తానన్నాడు. మీరు రండి, ఆ కాగితం కట్టని తొయ్యండి."

యజమాని కట్టని తోశాడు. కదల్లేదు. మొహం ఎర్రబడేలా తోశాడు. కదిలింది.

"అదీ హార్డ్. ఇప్పుడు చిటికెనవేలు ఆనించండి చాలు. అదీ హార్డ్‌లీ. ఊఁ, అందరూ వరసగా రండి, తొయ్యండి."

అమ్మాయి కూడా తోసింది, ఒకసారి ఒంట్లో బలమంతా పెట్టి, ఒకసారి చిటికెనవేలితో. మిషను అన్నయ్య నాలిక కరుచుకుని నిలబడ్డాడు. అతన్ని చూస్తే ఆమెకి జాలేసింది. జాలితోపాటు ఇంకొకటి కూడా కలిగింది. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నవాళ్ళకే ఇంతమాత్రం రాదన్నమాట, అని ప్రాణం కాస్త కుదుటపడింది.

యజమాని కూడా తక్కువ తినలేదు. అతను మర్యాదస్థుడు. ఎంత మర్యాదంటే, పొద్దున పలకరించినవాణ్ణి పదినిమిషాల తర్వాత ఎదురైతే మళ్ళీ పలకరిస్తాడు, నీళ్ళు తాగడానికొచ్చి మళ్ళీ పలకరిస్తాడు. అతను బాబాయితో, "సాయంత్రం మా ఆవిడకి ఫోన్ చెయ్యాలి, కాస్త రిమెంబర్ చెయ్యండి" అన్నాడు. పాపం, కేక పడనే పడింది. బాబాయి అతని వేలికి ఎర్రదారం కట్టారు.

"దారం పని రిమైండ్. మీ పని రిమెంబర్. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి."

"ఇద్దరం మర్చిపోతేనో?"

"అప్పుడు మీ ఆవిడ చేస్తుంది. దాన్నేమంటారో నా దగ్గర అట్టముక్క లేదు."

ఇక మడతల పెద్దమ్మ. కాగితాలకి ఎనిమిది మడతలు పెట్టే విభాగానికి ఆవిడే పెద్ద. చేతులు మిషను కన్నా వేగం. ఆవిడకి ఒక అలవాటు. ఎవరూ అడక్కుండానే, గోడగడియారం వైపు చూసి, "పదీ నలభై అయింది" అని ప్రకటిస్తూ ఉంటుంది. ఒకరోజు ఆవిడ, "మా డాక్టరు నాకు టీ ప్రోస్క్రైబ్ చేశాడే అమ్మాయ్, రోజుకి మూడుసార్లు" అంది.

ఆ రోజు జరిగినంత ఘోరం ఆ ప్రెస్సులో ఎప్పుడూ జరగలేదు. బాబాయి లేచి, కేక పెట్టి, పొగలు కక్కుతున్న టీ కెటిల్ని ఎత్తుకెళ్ళి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువా మీద ప్రోస్క్రైబ్డ్ అని కాగితం అంటించారు. "వద్దని నిషేధించడం ప్రోస్క్రైబ్. తెలిసిందా? ఇప్పుడీ ప్రెస్సులో టీ ప్రోస్క్రైబ్డ్." డ్రైవరు బీరువా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మిషను అన్నయ్య తాళంకప్పలోకి తొంగిచూశాడు. పదకొండింటికి బాబాయి దారపుండకి తాడు కట్టి, స్టెతస్కోపులా మెళ్ళో వేసుకుని డాక్టరులా వచ్చి, ఒక్కొక్కరి నాడి చూసి, "రోజుకి రెండుసార్లు, ఒక కప్పు" అని చీటీ రాసిచ్చారు. "రాసిచ్చి వాడమనడం ప్రిస్క్రైబ్. చీటీ ఉన్నవాళ్ళకే టీ." చల్లారిపోయిన టీని అంత భక్తిగా తాగడం అమ్మాయి అంతకుముందెన్నడూ చూడలేదు.

ఇలా నెలలు గడిచాయి. అమ్మాయి సంచిలో అట్టముక్కలు కట్టయ్యాయి. బీరువా వెనక కూతుర్ని పడుకోబెట్టి వాటిని వరసగా చూసుకునేది. ఒక్కొక్క ముక్కతో ఒక్కొక్కరి అవస్థ గుర్తొచ్చి నవ్వొచ్చేది. నవ్వుతోపాటు అర్థం కూడా వచ్చేది. మెల్లగా, చదివే కాగితాల్లో మాటలు చప్పుళ్ళుగా కాక మాటలుగా వినపడటం మొదలెట్టాయి. ఒకరోజు మిషను అన్నయ్య ఏదో అంటే బాబాయి కన్నా ముందు ఆమే, "అన్నయ్యా, అక్కడ బ్రింగ్ కాదు, టేక్" అంది. "ఇటు తేవడం బ్రింగు, అటు తీసుకెళ్ళడం టేకు."

"అంతేనంటావా చెల్లెమ్మా?" అన్నాడతను బుద్ధిమంతుడిలా. "నాకెప్పటికొస్తుందో ఈ ఇంగ్లీషు!"

"వస్తుందిలే అన్నయ్యా, భయపడకు" అని ధైర్యం చెప్పి, ఆ సాయంత్రం ఇంటికి తలెత్తుకుని వెళ్ళింది. ఇంట్లో బావ, "నీ పెన్ను ఒకసారి లెండ్ చేసుకుంటా" అనగానే, చెయ్యి దానంతటదే పైకి లేచింది. బావ పెన్నూ తీసుకోలేదు, ఆ తర్వాత వారం రోజులు ఇంగ్లీషూ మాట్లాడలేదు.

ఆ మధ్యనే ఒక తమాషా జరిగింది. అచ్చక్షరాలు కూర్చే పని ఎప్పుడో మానేసిన ముసలి కంపోజిటరు ఒకాయన పాతవాళ్ళని చూద్దామని వచ్చాడు. గుమ్మంలోంచే, "ఏం గడియారం బాబాయ్! ఎలా ఉన్నావ్?" అని అరిచాడు. డ్రైవరు దగ్గాడు. పెద్దమ్మ కాగితం మడత తప్పింది. యజమాని పరుగున వచ్చి ఆయన్ని పలకరించి, కౌగిలించుకుని, మళ్ళీ పలకరించి, తన గదిలోకి లాక్కెళ్ళాడు.

"గడియారం బాబాయేంటి?" అంది అమ్మాయి.

"పెద్దవాడయ్యాడు, మతిమరుపు" అన్నారు బాబాయి ప్రూఫులోంచి తలెత్తకుండా. "చదువు. కామా దగ్గర ఆగాం."

చివరికి ఏడాది నిండింది. అధికారిణి వచ్చింది. అంచుల్లేని కళ్ళజోడు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు, చెయ్యి కలపడానికి కూడా తొందరపడని మనిషి. బాబాయి కుర్చీలో ఆవిడ కూర్చుని ప్రూఫు చేతిలోకి తీసుకుంది. బాబాయిని గదిబయట నిలబడమంది. అద్దాల అవతల ఆయనా, ఆయన వెనక ప్రెస్సంతా నిలబడ్డారు. మిషను ఆగిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు.

"ఇది మా కొత్త మందు తాలూకు కాపీ. ఆగకుండా చదవండి. నేను చూసుకుంటాను" అంది ఆవిడ.

అమ్మాయి కాపీ చేతిలోకి తీసుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాక పాత ధాటి వచ్చేసింది. మొదటి పేరా, రెండో పేరా, జాగ్రత్తలు. ఈ మందు వాడుతున్న రోజుల్లో మద్యం ప్రిస్క్రైబ్డ్, ఫుల్‌స్టాప్. నోరు ఇంకో రెండు మాటలు ముందుకి పోయింది. ఎక్కడినుంచో తాళం వేసిన ఇనప బీరువా కళ్ళముందుకొచ్చింది. దాని మీద కాగితం, దాని చుట్టూ తిరుగుతున్న డ్రైవరు.

"ఆగండి! ఇక్కడ ఇద్దరున్నారు!"

అరిచాక తెలిసింది, అరిచింది తనేనని. కుడిచెయ్యి పైకి లేచే ఉంది.

అధికారిణి చుట్టూ చూసింది. "ఎవరిద్దరు?"

"ఒకటి వాడమని రాసివ్వడమండీ, రెండోది వద్దని నిషేధించడం. ఇక్కడ రెండోది ఉండాలి. మొదటిది కూర్చుంది. ఇలాగే అచ్చువేస్తే ఈ మందు వాడేవాళ్ళు మద్యం తాగి తీరాలండీ."

"మీ పని కాపీలో ఉన్నది చదవడం కదా?"

మామూలుగానైతే ఆ గొంతుకి ఆమె కుంచించుకుపోవలసింది. ఏడాదిపాటు ఇంతింత మనుషులు నలుగురిలో తప్పులు చెప్పి నవ్వులపాలై కూడా హాయిగా బతికి ఉండటం చూసింది కాబట్టి ఆమెకి భయం వెయ్యలేదు. "చదివానండీ. చదివాకే ఆపాను" అంది.

అధికారిణి ప్రూఫు చూసింది. కాపీ తీసుకుని చూసింది. తిరగేసి, దాని వెనక తమ ఆఫీసువాళ్ళు పెట్టిన నాలుగు సంతకాలు చూసింది. చివరి సంతకం తనదే. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. పెన్ను తీసి ఆ మాట దిద్దింది. అదే పెన్నుతో, యజమాని బల్లమీద పెట్టిన ఉద్యోగం కాగితం మీద సంతకం చేసింది.

"ఈ అమ్మాయిని వదులుకోకండి" అని మాత్రం అంది.

ప్రెస్సులో ఈలలు పడలేదు గానీ, పెద్దమ్మ, "పన్నెండుంబావు!" అని గోడ అదిరేలా అరిచింది. మిషను అన్నయ్య, "ఆ మందేదో దిద్దకుండానే అచ్చయి ఉంటే బావుండేది" అన్నాడు.

వెళ్ళే ముందు అధికారిణి మిషను చూస్తానంది. ఇంకు ఎక్కడిది, ఒక్కో కాగితం మీద రంగు ఎలా సరిచూస్తారు, అని ఇంగ్లీషులో అడిగింది. అమ్మాయి సహాయానికి వెళ్దామని రెండడుగులు వేసింది. వేసిన అడుగు వేసినట్టే ఆగిపోయింది. మిషను అన్నయ్య చూపుడువేలితో టక్ టక్ మని కొట్టుకుంటూ, ఆవిడకి ఇంగ్లీషులోనే, నీళ్ళు తాగినంత సులువుగా, ఒక్క తప్పు దొర్లకుండా పావుగంట చెప్పాడు. హార్డ్ ఉండాల్సిన చోట హార్డు ఉంది. హార్డ్‌లీ ఉండాల్సిన చోట హార్డ్‌లీ ఉంది. బ్రింగూ టేకూ ఎక్కడివక్కడ అమరిపోయాయి.

అధికారిణి కారు కదలగానే అమ్మాయి అతన్ని పట్టుకుంది. "అన్నయ్యా! నీకు ఇంగ్లీషొచ్చా?"

అతను తల గోక్కున్నాడు. "ఇరవయ్యేళ్ళుగా అచ్చేసిన ప్రతి కాగితం చదువుతున్నాను చెల్లెమ్మా. రాకపోతే ఎలా?"

"మరి, హార్డ్‌లీ?"

అతను పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ గడియారం వైపు చూసింది. ఈసారి టైము చెప్పలేదు. "ఇంక దాచడమెందుకు? చూపించరా" అంది.

అన్నయ్య తన అలమారు తలుపు తెరిచాడు. లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. బాబాయి ఎర్రపెన్సిలు రాత. సోమవారం డ్రైవరు, లెండ్, వాన వస్తే ఇంకా మంచిది. మంగళవారం మిషను, హార్డ్‌లీ. వాన వస్తే ఇంకా మంచిది. బుధవారం యజమాని, రిమెంబర్. ఆయన మర్చిపోతే పెద్దమ్మ గుర్తుచెయ్యాలి. అలా వారం వారం, ఏడాది పొడుగునా ఎవరు ఏ రోజు ఏ తప్పు మాట్లాడాలో వంతులు.

"నాకు టీ వద్దన్న డాక్టరూ లేడు, తాగమన్న డాక్టరూ లేడు" అంది పెద్దమ్మ. "ఆ రోజు వంతు నాది, అంతే. బీరువాకి తాళం వేస్తాడని మాత్రం నాకు చెప్పలేదు ఆ మహానుభావుడు."

"ఎందుకు పెద్దమ్మా ఇదంతా?"

"మొదటిరోజు నువ్వేం చదివావో తెలుసుటే? కంపెనీవాళ్ళు టైపు చెయ్యడంలో ఒక వరస ఎగిరిపోయింది. పిల్లల్ని సీసాలో పెట్టి, మూత గట్టిగా బిగించి, చల్లని చోట ఉంచవలెను అని ఉంది. నువ్వు కామాలతో సహా చదివావు. అంతా సరిగ్గానే ఉందన్నావు."

అమ్మాయి రెండుచేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళసందుల్లోంచి నవ్వొచ్చింది.

"నువ్వెళ్ళిపోయాక మా అందర్నీ కూర్చోబెట్టాడు. పిల్లకి గొంతుంది, గుండె ఉంది, అర్థమొక్కటే లేదు, అన్నాడు. నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టి నేర్పితే నీకు రాదని ఊరందరికీ చెప్పినట్టే కదా. అందరికీ నేర్పితే, రానిది ఎవరికో ఎవడికి తెలుసు?"

"మరి మీరంతా ఏడాదిపాటు..."

"మాకేం కొత్తా? నేను చేరినప్పుడు నాకు గడియారం చూడ్డం రాదు. రెండు గంటల ముందొచ్చి గేటు దగ్గర కూర్చునేదాన్ని, లేకపోతే గంట ఆలస్యం. ఆ ఏడాదంతా ఈయన పదినిమిషాలకోసారి ప్రెస్సులో ప్రతివాణ్ణీ టైమెంతని అడిగి చంపుకుతిన్నాడు. అప్పుడాయన గడియారం బాబాయి. మీ అన్నయ్యకి నత్తి. ఆ ఏడాది అందరం బల్లమీద వేలితో తాళం వేస్తూ నెమ్మదిగా మాట్లాడాలని హుకుం. అప్పుడు తాళం బాబాయి. మన యజమాని, వాళ్ళ నాన్న పోయి కొత్తగా కుర్చీలోకొచ్చినప్పుడు, తలెత్తి మనిషి మొహం చూడలేకపోయేవాడు. ఆ ఏడాది ఎదురైనవాళ్ళనల్లా రోజుకి నలభైసార్లు పలకరించుకున్నాం. పలకరింపుల బాబాయి. నీ పుణ్యాన ఈసారి జంటల బాబాయి అయ్యాడు. ఎప్పుడూ ఏదో ఒక పిచ్చి ఆయనకి. ఆ పిచ్చి మాత్రం ఎప్పుడూ ఆయనది కాదు, కొత్తగా చేరినవాళ్ళది."

అమ్మాయి సరాసరి బాబాయి గదిలోకి వెళ్ళింది. ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నారు.

"బాబాయ్, నాకంతా తెలిసిపోయింది. మీరు..."

"థ్యాంక్ఫుల్ అంటావా, గ్రేట్ఫుల్ అంటావా? ఆగు, ఇక్కడ ఇద్దరున్నారు" అన్నారాయన గబగబా జేబు తడుముకుంటూ. "అట్టముక్క ఇంట్లో మర్చిపోయాను. రేపు చెబుతాను" అని గొడుగు చంకన పెట్టుకుని, టైము కాకముందే వెళ్ళిపోయారు. ఆ వారమంతా అంతే. ఆమె కృతజ్ఞత చెప్పబోతే ఆయనకి ఏదో అర్జెంటు పని పడేది.

ఆదివారం అమ్మాయి కూతురితో కిటికీ ఉన్న గదిలోకి మారింది. సామానంతా బావే మోసిపెట్టాడు. అలిసిపోయి చాపమీద కూర్చుని, "ఇల్లు బోసిపోతుంది" అన్నాడు. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. కూతురు మాత్రం కిటికీలో కూర్చుని, "అమ్మా కామా ఇది మనదే ఫుల్‌స్టాప్" అని వీధిలో పోయే ప్రతివాడికీ చెప్పింది.

సోమవారం ప్రెస్సుకి వచ్చేసరికి గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, బిడియంగా నవ్వుతున్నాడు. పలకరిస్తే నవ్వాడు. ఎప్పుడు చేరావంటే మళ్ళీ నవ్వాడు. లోపల ప్రెస్సు సంతలా ఉంది. మిషను అన్నయ్య డ్రైవరుతో అరుస్తున్నాడు. డ్రైవరు పెద్దమ్మతో అరుస్తున్నాడు. "ఎనిమిదీ యాభై అయిదూ!" అని పెద్దమ్మ గొంతు చించుకుంటోంది. యజమాని రెండుచేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఎవరినో పలకరిస్తున్నాడు. పోట్లాటేమోనని అమ్మాయి హడలిపోయింది. మొహాలు చూస్తే అందరూ హాయిగానే ఉన్నారు.

బాబాయి చెయ్యి చెవికి ఆనించుకుని, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డారు. "ఎవరూ? ఏంటీ? గట్టిగా! ఈ మిషను చప్పుడుకి నా చెవులు పోయాయి. ఇవాళ్టి నుంచి ఈ ప్రెస్సులో ఎవరైనా సరే, ఎదురుగా నిలబడి, మొహం చూసి, గట్టిగా మాట్లాడాలి. గొణిగితే ఊరుకోను!"

వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి ఆ మాట విన్నాడు. అక్కడ చేరాక అతను తేలిగ్గా విన్న మొదటి మాట అదేననుకుంటాను. అతని భుజాలు కాస్త దిగాయి.

అమ్మాయికి వాచ్‌మన్ నవ్వుల సంగతి అర్థమైపోయింది. అయినా, ఇదే అదను అనుకుంది. పారిపోవడానికి ఇప్పుడు ఆయనకి దారి లేదు. దగ్గరగా వెళ్ళి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, "బాబాయ్, మీరు నాకు చేసిన మేలు ఈ జన్మకి మర్చిపోలేను" అంది.

బాబాయి మొహం ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే చెవి ఇంకా ముందుకి వంచారు. "ఏంటీ? వినపడలేదమ్మాయ్. గట్టిగా చెప్పు!"

అలాంటి మాట అంత గట్టిగా అరిచి ఎవరు చెప్పగలరు? అమ్మాయి ఆయన్ని కోపంగా చూసింది. నవ్వొచ్చేసింది. ఊపిరి గుండెల నిండా పీల్చుకుని, గేటు దాకా వినపడేలా కేక పెట్టింది.

"టీ వచ్చిందీ అంటున్నా బాబాయ్!"

"ఆఁ, అలా చెప్పు!" అన్నారాయన సంతోషంగా, చెవి మీది ఎర్రపెన్సిలు తీసి, కొత్త వంతుల కాగితంలో మంగళవారం ఎదురుగా ఆమెని కూడా రాసుకుంటూ.